పడవవాడి ఓటు

గిల్‌క్రిస్ట్ రేవు, మిస్సోరీ
1843 ఆగస్టు 9

అక్కయ్య తబితాకు, బావగారికి లొవీనా ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మొక్కజొన్న ఏపుగా ఎదిగింది, ఎర్రావు ఈనింది. కెంటకీలో మీరూ కులాసాగానే ఉన్నారని తలుస్తాను. కుశలం ఇంతవరకే. మిగతాది చదివేముందు కాస్త కూర్చో.

మా ఆయన జెరెడ్ మొన్న సోమవారం, కోర్టు ముందు జనమంతా వింటుండగా, నది మీద వంతెన కావాలని ఓటేశాడు.

ఇప్పటికీ పిండి కలుపుతుంటే మధ్యలో చేతులు ఆగిపోతున్నాయి. రేవులో జనాన్ని నది దాటించే ఆ పడవ నడిస్తేనే కదా అక్కయ్యా మాకింత తిండి. వంతెన లేచాక మా పడవ ఎవరెక్కుతారు?

మొదటినుంచీ చెబుతాను. మాది నిన్నగాక మొన్న పుట్టిన కౌంటీ. ప్రభుత్వం భూములమ్మిన సొమ్ములో రోడ్లకని మాకొచ్చిన వాటా అంతా పల్లంలో దుంగలు పరిచి వేసిన ఒక్క బాటకే చెల్లిపోయింది. మొదటి వరదకే దుంగలు తేలిపోయాయి. ఏటా మగవాళ్లు గొడ్డళ్లూ పారలూ పట్టుకుని రోడ్డు పనికి పోతారు గానీ వంతెన అలా అయ్యే పని కాదు. అందుకని కౌంటీ పెద్దలు ఒక ఏర్పాటు చేశారు. కలప, కూలి చందాగా ఇవ్వాలి. తక్కిన ఖర్చుకి ప్రతి ఇంటి మీదా, ప్రతి గొడ్డు మీదా పన్ను. ఒప్పుకుంటారో లేదో జనమే చెప్పాలి.

మిల్లు యజమాని బ్లెడ్సో వంతెన కావాలన్నాడు. ఉత్తరం వైపు రైతులంతా వద్దన్నారు. వాళ్లకి పెద్ద దిక్కు వొఫర్డ్. "నేను ఏడాదికోసారైనా నది దాటను. బ్లెడ్సో పిండి అమ్ముకోడానికి నా ఆవు మీద పన్నా?" అని ఇంటింటికీ తిరిగి అడిగాడు. మా రేవుకి కూడా వచ్చి, జెరెడ్ భుజం తట్టి, "నీకు వేరే చెప్పాలిటయ్యా?" అని నవ్వి పోయాడు.

ఇక్కడ ఓటంటే పైకి చెప్పడమే. గుమాస్తా పేరు పిలుస్తాడు, మనిషి ముందుకొచ్చి అందరూ వినేలా చెప్పాలి. ఆడవాళ్లం బండ్ల దగ్గర నిలబడి విన్నాం. జెరెడ్ వంతు వచ్చేసరికి వంతెన ఓడిపోయేలాగే ఉంది. గుమాస్తా రెండుసార్లు పిలిచినా ఈయన కదల్లేదు. వొఫర్డ్ మోచేత్తో పొడిస్తే ముందుకెళ్లాడు. గుమాస్తా 'వద్దు' అని రాసుకోబోతుండగా, "వంతెన కావాలి" అన్నాడు, అంత గట్టిగా అనే అవసరం లేకపోయినా.

గుమాస్తా తలెత్తి, "నోరు జారావేమోనయ్యా, మళ్లీ చెప్పు" అన్నాడు.

"కావాలి. పన్ను వెయ్యండి."

వొఫర్డ్ ముఖం మాడిపోయింది. "బ్లెడ్సో నిన్ను ఎంతకి కొన్నాడ్రా?" అని అందరిలో అరిచాడు. ఈయన వెనక్కి తిరిగైనా చూడలేదు. ఇక ఉత్తరం వాళ్లు గుసగుసలాడుకున్నారు. పడవవాడే కావాలంటుంటే మనకేం పట్టిందని కొందరు అటు మారిపోయారు, కొందరు ఓటెయ్యకుండానే బండ్లు కట్టారు. పొద్దుగూకేలోగా వంతెన గెలిచింది.

ఇంటికొచ్చే దారి పొడుగునా ఎందుకలా అన్నావని అడిగాను. బండి లాగే కంచరగాడిదల మీద నుంచి చూపు తిప్పితే ఒట్టు. చివరికి ఉండబట్టలేక, "వొఫర్డ్ అన్నది నిజమేనా? సొమ్ము తిన్నావా?" అని కూడా అడిగేశాను. దానికీ ఉలుకూ పలుకూ లేదు. కాదని ఒక్క మాట అనడానికి ఏమొచ్చిందక్కయ్యా? అప్పటినుంచి నేనూ మాట్లాడటం మానేశాను. కంచం అక్కడ పెట్టి వచ్చేస్తున్నాను.

ఆయన నిజంగానే అమ్ముడుపోయాడని తేలితే ఈ ఇంట్లో ఉండలేను. నాకూ పిల్లలకూ మీ దగ్గర ఇంత చోటుందో లేదో బావగారిని అడిగి రాయి.

నీ చెల్లెలు
లొవీనా

తా.క. ఉత్తరం మడిచి పెట్టాను గానీ ఇంకా పంపలేదు. పైన రాసింది కొట్టెయ్యను. నా బుద్ధి ఎలా పోయిందో నువ్వూ చూడు.

ఇందాక జెరెడ్ వెనకాల నా చేతిలోంచి ఇనప కుండ జారి రాతి మీద పడింది. కుక్క అరుస్తూ పారిపోయింది. ఆయన తాడు పేనుకుంటూ అలాగే కూర్చున్నాడు. వెళ్లి ఎదురుగా నిలబడి, "ఎప్పటినుంచి?" అని అడిగాను. నా పెదవులు చూసి చెప్పాడు, పోయిన చలికాలం నుంచట. దగ్గరగా గట్టిగా మాట్లాడితే కాస్త తెలుస్తుంది, అంతే. చెవుడని తెలిస్తే కౌంటీ రేవు లైసెన్సు తీసేస్తుందని దాచాడు. పిలిచినా పలక్కపోతే నేనేమో ఇన్నాళ్లూ అలిగాడనుకున్నాను.

మార్చి వరదలో అవతలి గట్టు ప్రూయిట్ బండితో నదిలో దిగి కొట్టుకుపోయాడు. నేనారోజు మిల్లుకి వెళ్లాను. పడవ కోసం గంట కొట్టీ కొట్టీ, ఎవరూ రాకపోతే దిగాడని ఆయన భార్య డోర్కస్ చెప్పింది. ఎదురుగాలికి చప్పుడు వినబడి ఉండదులే పాపం అని అందరూ అన్నారు. డోర్కస్ కూడా అలాగే అంది.

"గాలి లేదు లొవీనా" అన్నాడు జెరెడ్. "పడవకి తారు పూస్తున్నాను, అటు వీపు పెట్టి. ఎందుకో తిరిగి చూస్తే బండి నది మధ్యలో ఉంది. గట్టు మీద డోర్కస్ రెండు చేతులతో గంట లాగుతోంది. గంట ఊగుతోంది గానీ నాకు చప్పుడు లేదు."

డోర్కస్‌కి ఈ సంగతి చెప్పాలంటున్నాడు. నన్నూ రమ్మన్నాడు. పడవ విప్పుతున్నాడు, ఇప్పుడే బయలుదేరుతున్నాం. డోర్కస్ నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆమె ఏమన్నా ఆయనకి వినబడదు. ఆమె అనే ప్రతి మాటా నేను ఆయన చెవి దగ్గర గట్టిగా మళ్లీ అనాలి.