రెండో ఉడుకు

ఇర్యా పెద్దమ్మకి,

పన్నెండేళ్ల కిందట ఆ మే నెలలో నాన్నని తీసుకుపోయింది నిజంగా గుండె జబ్బేనా? మీ ఇంట్లో, సరిగ్గా ఉడికించకపోతే విషమయ్యే ఆ చెవి పుట్టగొడుగుల మీగడ కూర తిని వచ్చి, రెండు రోజులు వాంతులతో పడి, మూడో రోజున పోయారు. "విషం పోయేలా రెండుసార్లు ఉడికించానే పిల్లా, ఆయన గుండెకి నా పుట్టగొడుగులేం చేస్తాయి?" అన్నావు. నమ్మాను.

మొన్న ఆదివారం ఆవిరిస్నానాల గది పక్కన, పొయ్యి దగ్గర కళ్లారా చూశాను. రెండుసార్లూ ఉడికించావు, కానీ రెండోసారి కూడా మొదటిసారి ఉడికిన నీళ్లలోనే! ఇదేమిటని అడిగితే, "సరస్సు నుంచి ఇంకో బకెట్ నువ్వు మోసుకొస్తావా, చదువుకున్నదానా? నలభై ఏళ్లుగా తింటున్నా, చచ్చానా?" అని నవ్వావు. విషం దిగేది ఆ నీళ్లలోకే కదా పెద్దమ్మా! పారబొయ్యమని ఆ రోజు ఎంత మొత్తుకున్నా విన్నావా?

ఈ ఆదివారం అమ్మ నీ దగ్గరికి భోజనానికి వస్తోంది. నీళ్లు మోయడానికి నేనూ వస్తున్నాను. అంతదాకా పొయ్యి వెలిగించకు.

ఏటా అందరం ఆ గిన్నెలోదే తిన్నాం, పోయింది నాన్న ఒక్కరే. నువ్వన్నదే నిజమేమో. ఈ అనుమానం అమ్మకి, నీ చెల్లెలికి, చెప్పాలో వద్దో మాత్రం ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.