నేను మూసిన మూడో పైపు

నీటి సరఫరా విభాగం ఇంజనీరు గారికి,

అయ్యా,

విషయం: మా వీధి లైన్‌మాన్‌పై వచ్చిన ఫిర్యాదులోని ‘దురుద్దేశపూర్వకంగా’ అనే మాటను, దానితోపాటు ఫిర్యాదు మొత్తాన్ని వెనక్కి తీసుకొనుట గురించి.

1. గత నెల మా వదినగారి సంతకంతో తమకొక ఫిర్యాదు అందినది. మేడ మీద ఆమె వాటాకు నీళ్ళు రావడం లేదని, ముందురోజు మా గేటు దగ్గర గొయ్యి తవ్విన లైన్‌మానే దురుద్దేశపూర్వకంగా ఆ కనెక్షను మూసివేశాడని దాని సారాంశం. సంతకం ఆమెది, భాష నాది. పోయిన మా అన్నయ్య పుస్తకాలను ఆమె పాత సామాన్లవాడికి ఇచ్చేసిన నాటి నుంచి ఆరేళ్ళుగా ఆమెతో నాకు మాటల్లేవు. అయినా మెట్లు దిగి వచ్చి, “నీళ్ళు రావట్లేదని ఓ ముక్క రాసిపెట్టవయ్యా, చాలు” అన్నది. నేను మూడు పేజీలు రాశాను.

2. లైన్‌మాన్ మీద నాకున్న కసికి కారణం తమరు తెలుసుకొనవలసి ఉన్నది. నిరుడు నీళ్ళు సన్నగా వస్తున్నాయని నేను నిలదీసినప్పుడు అతను వీధంతా వినేలా, “ప్రెషర్ నీళ్ళకి తగ్గలేదండీ, పెద్దాయనకే పెరిగింది” అన్నాడు. అందరూ నవ్వారు. మేడ మీద నుంచి వదిన కూడా నవ్వింది. ఇన్ని పుస్తకాలు చదివినవాడికి ఆ క్షణాన ఒక్క జవాబూ తట్టలేదు. పది నెలలకు తట్టింది. దాన్ని ఫిర్యాదులో రాశాను.

3. ఇక వాస్తవం. పెరట్లోని పాత స్నానాలగది పడగొట్టాక గోడ వెంట మూడు పైపులు మిగిలాయి. పని లేని పైపులో నీరు నిలిచి తుప్పు పడుతుందని, వాటిని తీసేసి మూతలు బిగించాలని ఇంటి మరమ్మతుల పుస్తకంలో చదివాను. ముందు వాల్వులన్నీ కట్టేయమన్నది పుస్తకం. లైన్‌మాన్ గొయ్యి తవ్విన మర్నాడే కట్టేశాను. ఆ తరువాత ఒక్కొక్క పైపుకున్న కుళాయి తిప్పి, నీళ్ళు వస్తున్నవేమో చూశాను. మూడింటిలోనూ చుక్క రాలేదు. మూడూ పనికిరానివేనని తేల్చాను.

వాల్వు కట్టేసినవాడికి నీళ్ళెలా వస్తాయని తమరు అడగవచ్చును. నేనైతే అడగలేదు. పైపుల్ని జాయింట్ల దగ్గర రెంచితో విప్పి, మరలకు తెల్ల టేపు చుట్టి, ప్లంబర్లు డమ్మీ అనే ఇనుప మూతలు ఒంటి చేత్తో బిగించాను. చాలా గర్వపడ్డాను. మూడోది మేడ మీదకు వెళ్ళే పైపు.

4. ఈ సంగతి, ఆ పైపు గోడ వెంట ఎక్కడికి పోతున్నదో తలెత్తి చూసినప్పుడు, ఫిర్యాదు పంపిన రెండో రోజుకే తెలిసింది. అప్పుడే చెప్పవలసినది. చెప్పలేదు. గుట్టుగా మూత విప్పబోతే అది కదలలేదు; బలం పెడితే గోడ పెచ్చులూడాయి. వీధి దీపం గురించి, కాలువ గురించి నేను ఇదివరకు తమకు పదకొండు అర్జీలు పెట్టాను. ప్రతి అక్షరం నిజమే. ఒక్కదానికీ జవాబు లేదు. ఈ ఒక్క అబద్ధానికి నాలుగు రోజుల్లో సస్పెన్షను ఉత్తర్వు వచ్చింది! విచారణకు వచ్చిన తమ సహాయకుడు నా కుర్చీలో కూర్చుని నా వాక్యాలనే ఎత్తి రాసుకుని పోయాడు. పెరట్లోకి తొంగి చూడలేదు. ‘నిర్లక్ష్యం’ అని రాసి ఉంటే మందలింపుతో పోయేదట. ఉత్తర్వులో నా మాటే ఉన్నది.

5. మొన్న ఆ లైన్‌మాన్ మా ఇంటికి వచ్చాడు. తిన్నగా పెరట్లోకి వెళ్ళి మూడో మూతను బొటనవేలితో తడిమాడు.

“ఎవరు బిగించారండీ ఇది?”

“ఎవరో.”

“బాగా బిగించారు. చుక్క కారట్లేదు.” రెంచి జారి చీరుకున్న నా అరచేతి కట్టు వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

“విప్పగలవా?” అన్నాను.

“సస్పెన్షన్‌లో ఉన్నాను కదండీ. ఇప్పుడు ముట్టుకుంటే అదీ నా మీదే రాస్తారు.”

గేటు మెల్లగా వేసి వెళ్ళాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే నేను కాదని బుకాయించేవాణ్ణి.

6. అప్పటికే రోజూ నాలుగు బకెట్లు మేడ మీదకు మోస్తున్నాను. వదిన వీధిలో కనిపించిన వారికల్లా “మా మరిది బంగారం” అని చెప్పుకుంటున్నది. ఈ వయసులో నన్ను ఎవరూ ఇంతగా తిట్టలేదు.

కావున లైన్‌మాన్‌ను వెంటనే విధుల్లోకి తీసుకుని, తప్పు నాదని ఉత్తర్వులో నా పేరుతో సహా రాయవలెను. చిత్తగించవలెనని కోరే అర్హత నాకు లేదు. చదివితే చాలు.

తమ విధేయుడు,
ఈసారికి నిజంగానే

తా.క.: దీని నకలు ఇవాళ బకెట్టుతోపాటు వదినకు తీసుకెళ్ళాను. కళ్ళజోడు ఎక్కడో పెట్టానని, నన్నే చదవమన్నది. విషయం దగ్గరే ఆపి, “దురుద్దేశపూర్వకంగా అంటే ఏంటయ్యా?” అని అడిగింది. ఆ మాట కిందే ఆమె సంతకం పెట్టింది. చెప్పాను. చివరిదాకా చదివాను. ఆమె “ఆ బకెట్టు అక్కడ పెట్టి వెళ్ళు. రేపట్నుంచి నేనే తెచ్చుకుంటా” అన్నది.

అయ్యా, ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. ఇరవై రెండు మెట్లు. అతన్ని తొందరగా పంపండి.