‘పంపు ఆఫ్’ అని రాసిన నేరానికి

కలకత్తా, శ్యామాసుందరి హృద్రోగ ఆస్పత్రి పరిపాలనాధికారి శ్రీ అనాదినాథ్ సామంత గారి సముఖమునకు, అదే ఆస్పత్రి ఆపరేషన్ థియేటర్ పంపు ఆపరేటర్ హరాధన్ కుండు వ్రాసుకొను అర్జీ.

విషయం: నన్ను వంటశాల వెనుక మంచినీళ్ల పంపుకు మార్చిన ఉత్తర్వు రద్దు కోరుట గురించి.

అయ్యా,

1. బైపాస్ ఆపరేషనులో గుండెను ఆపినప్పుడు దాని బదులు రక్తమును నడిపించు యంత్రమునకు నేను ఆపరేటరును. అయితే మా డాక్టర్ కాకలి మైత్ర గారు గుండెను ఆపరు. కొట్టుకుంటున్న గుండె మీదనే కుట్లు వేస్తారు. ఆ పద్ధతి పేరే ‘పంపు ఆఫ్’. ఈ ఏటి రిజిస్టరులోనూ అదే వ్రాసితిని. తమ ఆఫీసువారు దానిని నేను పంపు కట్టేసి కునుకు తీసినట్లు చదువుకొని, రెండు వందల పన్నెండు సార్లు విధి నిర్లక్ష్యమని మెమో ఇచ్చియున్నారు.

2. సంజాయిషీ చెప్పబోగా హెడ్ క్లర్కు దత్తబాబు, “మరి ఆన్ ఎప్పుడు చేశావయ్యా?” అన్నారు.

“ఒక్కసారండీ. చేపల నిమాయ్ గుండె కుట్ల మధ్యలో చతికిలబడితే.”

“చూశావా, పని చేసింది ఒక్కరోజేగా! పోయి నీళ్లు తోడు, పుణ్యమైనా వస్తుంది.”

ఆ నిమాయ్ నేటికీ గరియాహాట్ బజారులో ఇలిశ చేప ధర గొంతు చించుకుని అరుస్తున్నాడు.

3. పని పడితే అందుకొనుటకు గొట్టములు బిగించి నాలుగు గంటలు నిలబడుటయే నా పని. నడుమ డాక్టరు గారు తల తిప్పకుండా, “హరాధన్‌దా, ఉన్నారా?” అంటారు. “ఉన్నాను దిదీ” అంటాను. దీనిని రిజిస్టరులో ఏ గడిలో వ్రాయవలెనో ఇరవై రెండేళ్లుగా నాకు తెలియరాలేదు. ఇప్పుడు ఆ యంత్రము దగ్గర ఎవరూ లేరు. నాకు భయముగా ఉన్నది.

4. నిన్న ట్యాంకు పొంగి తమ గదిలోకి నీళ్లు వచ్చినవి. ఆ పంపును ఆఫ్ చేయుట మరచితిని. ఈ తప్పు మాత్రము నాదే.

కావున నన్ను తిరిగి థియేటరుకు పంపగలందులకు ప్రార్థించుచున్నాను.

తమ విధేయుడు,
హరాధన్ కుండు

తా.క.: గురువారం ఆపరేషన్ల జాబితా ఇప్పుడే చూశాను సార్. మొదటి పేరు తమదే. నా ఫైలు తమరు సెలవు నుంచి వచ్చాకే కదులుతుందని దత్తబాబు అంటున్నారు. నాకు చాలా కోపం వచ్చింది. నీళ్ల పంపు తాళంచెవి ఆయన బల్ల మీద పడేశాను. ఉత్తర్వు ఉన్నా లేకున్నా గురువారం యంత్రం పక్కన నిలబడతాను. తమ పేరు ఎదుట కూడా ‘పంపు ఆఫ్’ అనే రాయాలని కాళీమాతకు మొక్కుకున్నాను. దానికి తమరు తిరిగొచ్చి ఇంకో మెమో ఇవ్వాలి.