అయిదో భాగం మీ అత్తయ్య

హిగాషి ఒసాకా,
నవంబరు 20.

చిరంజీవి చిజురుకు,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ చలి దిగింది. వీధంతా గింకో ఆకులు, ఈ నెల ఊడ్చే వంతు మాదే. మీ అత్తయ్య యాసుయో, పిల్లి గొబో, నేను ముగ్గురం కులాసా. టోక్యోలో నువ్వు వేళకి తింటున్నావని నమ్ముతాను.

కంప్యూటర్‌లో పంపకుండా కాగితం మీద ఎందుకు రాస్తున్నానంటే విషయం అలాంటిది. నేనొకటి కనిపెట్టాను. నవ్వకు. నువ్వు పేటెంట్లు రాసే ఆఫీసులో పనిచేస్తున్నావు కాబట్టి ముందు నీకే చెబుతున్నాను.

మా ఇంట్లో చలికాలపు యుద్ధం నీకు తెలిసిందే. కొతాత్సు బల్ల కింద హీటరు ఒకటే, చుట్టూ వేలాడే బొంత ఒకటే, కాళ్ళు మాత్రం రెండు రకాలు. నావి మంచుగడ్డలు, మీ అత్తయ్యవి నిప్పు కణికలు. నేను వేడి పెంచుతాను, ఆవిడ తగ్గిస్తుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే తంతు. మేమిద్దరం లేచిపోయాక గొబో లోపల దూరి హాయిగా పడుకుంటుంది. దాని కోసం హీటరు వెలుగుతూనే ఉంటుంది.

ఫ్యాక్టరీలో హీటర్ల తీగలు చుట్టి రిటైరైనవాణ్ణి, చేతులు ఊరుకోలేదు. ఇప్పుడు మా బల్లకి నాలుగు వైపులా నాలుగు హీటర్లు, నాలుగు సెన్సర్లు, నాలుగు మీటలు. ఎవరు కూర్చున్న వైపు వాళ్ళకి కావలసినంత వేడి. లోపల పిల్లి ఒక్కటే ఉంటే మొత్తం ఆగిపోతుంది. మొదట్లో దానికి పిల్లికీ మనిషికీ తేడా తెలిసేది కాదు. పిల్లిని పట్టకుండా సెన్సర్ల చురుకు తగ్గిస్తే మనిషినీ పట్టేది కాదు, నన్ను చాలా ఏడిపించింది. పోయిన వారం నుంచి దానంతటదే తెలుసుకుంటోంది. ఎందుకో నాకూ సరిగా అర్థం కాలేదు. ఆ సంగతి మన మధ్యే ఉండనీ.

జనవరిలో ఒక హీటర్ల కంపెనీ ఆయన చూడ్డానికి వస్తానన్నాడు. ఈలోగా దరఖాస్తు పడాలి. రిటైరయ్యాక నన్నెవరూ ఏదీ అడగలేదమ్మా. ఇదొక్కటి గట్టెక్కించు.

ఇట్లు,
మీ మామయ్య తొకుజో.

తాజా కలం: పోయిన వారం మీ అత్తయ్య గొబో చింపిన బొంత అంచులు కుట్టుకుంటూ, "ఆ బల్ల కింద ఏం చేస్తున్నారు?" అని అడిగింది. "రిపేరు" అన్నాను. వీధివాళ్ళంతా వెళ్ళే స్నానశాలలో మాత్రం వేడి నీళ్ళకి ఒళ్ళు తెలియక నలుగురితో కాస్త నోరు జారాను.


టోక్యో,
నవంబరు 24.

పూజ్యులైన మామయ్యకు,

చిజురు నమస్కారాలు. ఇక్కడా చలిగానే ఉంది. వేళకే తింటున్నాను, నించుని తింటున్నాను.

మీ ఉత్తరం చదివి నిజంగా సంతోషించాను. అయితే ఒక్కటి గట్టిగా చెప్పాలి. పేటెంట్ కావాలంటే ఆ వస్తువు లోకానికి కొత్తదై ఉండాలి. దరఖాస్తు వేసేలోగా అది పదిమందికీ తెలిసిపోతే మనకే చిక్కు. కాబట్టి ఎవరికీ చెప్పకండి. ఎవరికైనా చూపించక తప్పకపోతే, రహస్యం బయటపెట్టబోమని వాళ్ళ చేత కాగితం మీద, సంతకం చోట, పేరు ముద్ర వేయించుకోండి. నమూనా కాగితం జతచేస్తున్నాను.

పిల్లికీ మనిషికీ తేడా ఎలా తెలుస్తోందో వివరంగా రాయండి. "దానంతటదే" అంటే పేటెంట్ ఆఫీసు ఒప్పుకోదు. మీరు కనిపెట్టినదానికి ప్రాణం అక్కడే ఉంది.

ఇట్లు,
మీ చిజురు.

తాజా కలం: స్నానశాలలో ఆ నలుగురి చేతా ముద్రలు వేయించండి. ఒంటి మీద బట్టలు ఉన్నప్పుడు.


హిగాషి ఒసాకా,
డిసెంబరు 1.

చిరంజీవి చిజురుకు,

మామయ్య ఆశీస్సులు. ఈ ఉదయం బకెట్లో నీళ్ళ మీద పలచగా మంచు పేరుకుంది.

నువ్వు చెప్పినట్టే అంతా చేశాను, నువ్వు చెప్పినదానికంటే ఎక్కువే చేశాను. స్నానశాలలో విన్న నలుగురూ ఈపాటికి ఎవరికి చెప్పారో ఏమో, ఒక్కొక్కరి వెంటా ఎక్కడ పడను? అందుకని మన వీధి నోటీసుల అట్ట ఉంది చూడు, ఇంటింటికీ తిరిగేది, చదివి ముద్ర కొట్టి పక్కింటికి ఇచ్చేది. అందులో చెత్తబండి వేళలకీ భూకంపం డ్రిల్లుకీ మధ్య నీ కాగితం పెట్టాను. ఏ రహస్యం దాచాలో తెలియకుండా జనం ఎలా దాస్తారు? అందుకని బల్ల బొమ్మ కూడా గీసి, భాగాల పేర్లు రాసి జతచేశాను. వీధి వీధంతా ముద్రలు కొట్టింది. చేపల దుకాణం ఆవిడయితే రెండుసార్లు కొట్టింది.

మీ అత్తయ్యకి మాత్రం చెప్పలేదు. చెబితే నారాలో వాళ్ళ అక్క కినుయెకి ఫోన్‌లో చెప్పకుండా ఉండలేదు. అట్ట మా ఇంటికి వచ్చినప్పుడు నేనే తీసుకుని నేనే దాటించేశాను. బల్ల కిందికి తొంగి చూడొద్దని గట్టిగా చెప్పాను.

పిల్లి సంగతి ఇంకా ఆలోచిస్తున్నాను. బల్ల కింద చుట్టూ రాగి రేకు పట్టీ ఉంది, ఒళ్ళు దగ్గరికొస్తే అది కనిపెడుతుంది. కానీ గొబో కూడా ఒళ్ళే కదా. బహుశా యంత్రానికి మర్యాద తెలుసేమో.

ఇట్లు,
మీ మామయ్య తొకుజో.

తాజా కలం: ఇప్పుడే మీ అత్తయ్య చేపల దుకాణం నుంచి వచ్చింది. "మన బల్ల కింద ఏముందో ఆవిడకి తెలుసు, నాకెందుకు తెలీదు?" అని నిలదీసింది. "చట్టం. టోక్యోలో చిజురు చెప్పింది" అన్నాను. ఇప్పుడు కూరలు తరుగుతోంది. గట్టిగా తరుగుతోంది.


టోక్యో,
డిసెంబరు 4.

మామయ్యకు నమస్కారాలు.

వాతావరణం సంగతి తర్వాత.

అత్తయ్యకి చెప్పొద్దని నేనెప్పుడు అన్నాను? ఆవిడ ఇంట్లో, ఆవిడ కాళ్ళు పెట్టుకునే బల్ల! వీధంతటికీ చెప్పి ఆవిడకి ఒక్కదానికే దాచితే ఆవిడ ఏమనుకోవాలి?

చిత్రమేమిటంటే, మీరు చేసిన పిచ్చిపని చట్టం లెక్కలో బాగానే ఉంది. రహస్యం దాస్తామని ముద్ర కొట్టినవాళ్ళకి తెలిస్తే లోకానికి తెలిసినట్టు కాదు. మా ఆఫీసు పెద్దాయనకి చూపిస్తే కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. ఆ వీధిలో ముద్ర వేయని మనిషి అత్తయ్య ఒక్కరే.

ముందు క్షమాపణ చెప్పండి. తర్వాత మొత్తం విప్పి చెప్పండి. ఆ తర్వాతే కాగితం ఇవ్వండి. వరస తప్పకండి.

ఇట్లు,
మీ చిజురు.

తాజా కలం: దయచేసి నా పేరు ఎక్కడా వాడకండి. వచ్చే ఏడు మీ ఇంట్లో నాకు ఉడుకుతున్న ఓడెన్ పులుసు కావాలి, చల్లారిన చూపులు కాదు.


హిగాషి ఒసాకా,
డిసెంబరు 10.

చిరంజీవి చిజురుకు,

ఉభయకుశలోపరి అని రాద్దామంటే ఉభయుల్లో ఒకరు నారా వెళ్ళిపోయారు.

నీ ఉత్తరం వచ్చేసరికే ఆలస్యమైంది. మీ అత్తయ్య కుట్టుపని సంచీ, కొతాత్సు బొంత పట్టుకుని వాళ్ళ అక్కింటికి పోయింది. బొంత ఎందుకు అంటే, "ఇది నేను కుట్టుకున్నది" అంది.

వరసలో మొదటి రెండూ చేయడానికి మనిషి ఎదురుగా లేదు కదా. అందుకని మూడోది చేశాను. నీ కాగితం కవర్లో పెట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. లోపల "ముద్ర వేసి పంపు" అని రాద్దామనుకుని, కాగితం చూస్తే తనకే తెలుస్తుందిలే అని ఊరుకున్నాను. ఏం జరిగిందో తెలుసా? తన పేరు ముద్రే డబ్బీతో సహా పంపేసింది! "మీకు ఎక్కడ కావాలంటే అక్కడ వేసుకోండి" అని చిన్న చీటీ. కవరు తెరవనైనా లేదట. ఎంత నమ్మకం చూశావా? నాకు కళ్ళు చెమర్చాయి.

అసలు కష్టం వేరే ఉంది. మీ అత్తయ్య వెళ్ళిన దగ్గర్నుంచీ యంత్రం పనిచేయడం లేదు. చుట్టాల కోసం దాచిన కొత్త బొంత పరిచాను. తీగలన్నీ విప్పి చూశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నేను కూర్చుంటే మనిషి లేడంటుంది. కూర్చుని కూర్చుని ఒక్కటే తేలింది. అప్పటికీ ఇప్పటికీ ఇంట్లో లేనిది మీ అత్తయ్య ఒక్కతే. అందుకని పేటెంట్‌లో హక్కు కోరే భాగాల జాబితా ఇలా మార్చాను: ఒకటి, హీటర్లు. రెండు, రాగి పట్టీ. మూడు, సెన్సర్లు. నాలుగు, మీటలు. అయిదు, యాసుయో.

ఇట్లు,
మీ మామయ్య తొకుజో.

తాజా కలం: చారులో కలిపే మిసో ముద్ద ఎక్కడ పెడుతుందో నీకేమైనా తెలుసా? గొబోకి తెలిసినట్టే ఉంది, కానీ చెప్పడం లేదు.


టోక్యో,
డిసెంబరు 12.

మామయ్యా,

కూర్చుని చదవండి.

అలిగి పుట్టింటివాళ్ళ దగ్గరున్న భార్యకి, భర్త దగ్గర్నుంచి మాటా పలుకూ లేకుండా రిజిస్టర్డ్ పోస్టులో పలచని కవరు వస్తే అందులో ఏముంటుందనుకుంటుంది? ఇద్దరూ ముద్రలు కొట్టి మునిసిపల్ ఆఫీసులో ఇచ్చే కాగితం ఒకటుంది. దానికి లాయరూ అక్కర్లేదు, కోర్టూ అక్కర్లేదు. అత్తయ్య కవరు తెరవకపోవడం నమ్మకం కాదు మామయ్యా. మీరు విడాకుల కాగితం పంపారనుకుంది. చూడలేక, ముద్ర పంపేసింది.

వెంటనే నారా వెళ్ళండి. ఈ ఉత్తరం మడిచే లోపే బయల్దేరండి.

జాబితా విషయం. భార్యని యంత్రంలో భాగంగా చట్టం ఒప్పుకోదు. అయిదోది కొట్టేశాను. కానీ అది లేకపోతే పనిచేయదంటున్నారు కాబట్టి, అసలు అయిదోది ఏమిటో కనుక్కోవాలి. లేకపోతే జనవరిలో కంపెనీ ఆయన ముందు చల్లటి బల్ల పెట్టుకుని కూర్చోవాలి.

ఇట్లు,
మీ చిజురు.

తాజా కలం: ఆ ముద్ర దేనిమీదా కొట్టకండి. నోటీసుల అట్ట మీద కూడా.


(పోస్టుకార్డు)

నారా,
డిసెంబరు 14.

చిజురూ, వచ్చాను. వీపున హీటర్ల చట్రం, చంకలో గొబో బుట్ట. పార్కు దగ్గర బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను. కినుయె ఇల్లు కనిపిస్తూనే ఉంది, కాళ్ళు ముందుకి పడటం లేదు. తను రానంటే ఏం చెయ్యాలో నాకు తెలియదమ్మా. పేటెంట్ రాకపోతే పోనీ.

మామయ్య.

తా.క.: ఇప్పుడే ఈ పార్కులో తిరిగే జింక ఒకటి నా చేతిలోని జాబితా, బొమ్మతో సహా తినేసింది. దాని దగ్గర కూడా ముద్ర తీసుకోవాలా?


నారా,
డిసెంబరు 17.

చిజురుకి,

అత్తయ్య దీవెనలు. నీకు నేను ఉత్తరం రాయడం ఇదే మొదటిసారేమో. మా అక్క పెరట్లో కాకీ చెట్టు పళ్ళు తాళ్ళకి వేలాడదీసి ఎండేశాం, మంచి ఎండ కాస్తోంది. మీ మామయ్య వాటి కింద కూర్చుని జింక తిన్న బొమ్మ మళ్ళీ గీస్తున్నారు. ఆయన చూడకుండా రాస్తున్నాను.

అటుమొన్న తలుపు చప్పుడైతే మా అక్క తీసి, "యాసుయో, గ్యాసు మనిషి వచ్చాడు" అంది. చూస్తే వీపున ఇనపచట్రంతో మీ మామయ్య. లోపలికి రమ్మన్నా రారు. అక్కడే వంగి, "నీ ముద్ర నీకిచ్చేద్దామని వచ్చాను. ఆ కవర్లో ఉన్నది విడాకుల కాగితం కాదు యాసుయో, ఒట్టు" అన్నారు. నేను కవరు తెచ్చి ఆయన ముందే చింపాను. చదివాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"వీధిలో చేపలమ్మేవాళ్ళకి తెలిసింది నాకు తెలియలేదే అనే నా బాధ. బల్ల కింద మీరేం పెట్టుకుంటే నాకేంటి?" అన్నాను. "తప్పే. నీ కాళ్ళు చల్లగా ఉండాలనే చేశాను. అంతా అయ్యాక చెబుదామనుకున్నా" అన్నారు. ఎంత కోపం కూడబెట్టుకున్నానో, ఆ ఒక్క మాటతో పోయింది. నాకే చిన్నతనం అనిపించింది.

తర్వాత మా అక్క బల్లకి చట్రం బిగించి, పైన నా బొంత పరిచారు. ఆయన వైపు వేడి, నా వైపు చల్లన. మేం లేచి గొబో దూరితే మొత్తం ఆగిపోయింది. మీ మామయ్య నేల మీద కూలబడి, "చూశావా, నువ్వుంటేనే పనిచేస్తుంది. చిజురు అయిదోది కొట్టేసిందట. నేను కొట్టెయ్యను" అన్నారు. కళ్ళు తుడుచుకుంటూ మా అక్క ముందే అన్నారు.

ఇక అసలు సంగతి. నిన్న ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు అక్క నా బొంత ఎండలో వేసి, తన బొంత పరిచింది. నేను కూర్చున్నాను. వేడి రాలేదు. నేనున్నా రాలేదు! నా బొంత తెచ్చి వేస్తే వెంటనే వచ్చింది. అప్పుడు అంచులు తిప్పి చూశాను. నవంబరులో గొబో చింపితే నాలుగు వైపులా కుట్టాను కదా. నేను ఇంటి దగ్గర కూలికి కుట్టే చేతి తొడుగులున్నాయి చూడు, అవి తీయకుండానే ఫోన్ నొక్కుకోవచ్చు, వాటి వేళ్ళ కొసలకి కరెంటు పారే దారం ఇస్తారు. మిగిలిన ఆ దారంతోనే బొంత అంచు కుట్టేశాను, పైన బల్ల రాగి పట్టీని తాకేంత పొడుగ్గా. మనిషి కూర్చుంటే అంచు ఒళ్ళో పడుతుంది, దారం ఆ సంగతి పట్టీకి చేరవేస్తుంది. పిల్లి దాని కిందనించి లోపలికి దూరిపోతుంది, అంచు దాన్ని తాకదు. అదీ దానంతటదే తెలుసుకోవడం.

దరఖాస్తులో అయిదోది "దారం" అని రాయి. కనిపెట్టినవాళ్ళలో నా పేరు కూడా పెట్టాలట, అక్కే చెప్పింది. పెట్టు. కంపెనీ ఆయన వచ్చేలోగా అంతా సక్రమంగా అవ్వాలి.

ఒక్క కోరిక. దారం సంగతి మీ మామయ్యకి వచ్చే ఆదివారం దాకా చెప్పకు, నేనే చెబుతాను. నేను లేనిదే ఏదీ పనిచేయదని ఆయన నోటి వెంట వినడం పెళ్ళయ్యాక ఇదే మొదలు. పొద్దున టీ తాగుతూ ఒకసారి, రాత్రి మిసో చారు గిన్నె ముందు ఒకసారి అంటున్నారు. ఇంకొన్నాళ్ళు విననీ.

ఇట్లు,
మీ అత్తయ్య యాసుయో.

తాజా కలం: నువ్వు పంపిన నమూనా కాగితమే జతచేస్తున్నాను. కింద నీ ముద్ర కొట్టి వెంటనే పంపు. ఏమీ అనుకోకు, చట్టం.