వెనక సీటు

సత్యా,

నీ సంవత్సరీకం అయిన వారానికి, అంటే నిన్న, మన బండి అమ్మేశాను. కొన్నది పరవాడలో పనిచేసే శ్రీను. కొత్తగా పెళ్లయింది. "ఓపాలి నడిపి సూత్తాను బాబాయ్, మీరు ఎనక కూకోండి" అన్నాడు.

ఇన్నేళ్లలో నేను ఆ సీటు మీద కూర్చోవడం అదే మొదలు. గోపాలపట్నం నుంచి తగరపువలస వైపు వెళ్లాం. నాకు కనిపించిందల్లా అతని హెల్మెట్టు, చొక్కా మీద చెమట మరక. రోడ్డు చూద్దామని పక్కకి వంగితే కళ్ల నిండా దుమ్ము. ఆనందపురం దాటేసరికి కాళ్లు మొద్దుబారాయి.

ఈ బండి మీదే మనిద్దరం కన్యాకుమారి వెళ్లాం, లడఖ్ వెళ్లాం. మా ఆవిడకి దేశమంతా చూపించానని కనపడ్డవాళ్లందరికీ చెప్పేవాణ్ని. నువ్వు పక్కన నిలబడి నవ్వేదానివి. దారిలో మాత్రం నా భుజం తట్టి, "ఓపాలి ఆపండి, కాళ్లు తిమ్మిరెక్కిపోనాయి" అనేదానివి. నేను ఆపేవాణ్ని కాదు. చీకటి పడేలోగా ఊరు చేరాలన్నదే నా ధ్యాస. దిగాక, నువ్వు తట్టినట్టే తెలియలేదని బొంకేవాణ్ని. తెలిసేది సత్యా, ప్రతిసారీ తెలిసేది.

నిన్న నేనూ శ్రీను భుజం తట్టాను. వెంటనే బండి పక్కకి తీసి ఆపాడు.

"ఏటైంది బాబాయ్, నడుం నొప్పెడతందా? దిగండి, టీ తాగుదాం."

టీ కొట్టు దగ్గర అతని మొహంలోకి చూడలేకపోయాను. నేను తట్టింది ఒక్కసారే.