రాజు పక్షం

జనవరి 12, ఆదివారం

కువైట్‌లో ఆదివారం బడి ఉంటుంది కదా, హిస్టరీ మేడం డిబేట్ పెట్టారు. అమెరికా కాలనీలు బ్రిటన్ నుంచి విడిపోవడం న్యాయమేనా? కాలనీల తరఫున మాట్లాడతానని ముందు చెయ్యెత్తింది నేను. ఛాన్స్ ఇచ్చింది సత్యదుర్గకి. నీ గొంతు బ్రిటన్ రాజుగారికే నప్పుతుందని నాతో అన్నారు. క్లాసంతా నవ్వింది. సత్యదుర్గ అందరికంటే ఎక్కువ నవ్వింది. పోయినేడు ఎలొక్యూషన్ కప్పూ దానిదే.

మేం బెస్ట్ ఫ్రెండ్సట.

జనవరి 13, సాయంత్రం

పప్పుకి తిరగమోత పెడుతూ అమ్మ అడిగింది, ఇంతకీ న్యాయం ఎవరిదని. చెప్పాను. సముద్రం అవతల కూర్చుని పన్నులేశారు. పార్లమెంటులో ఒక్క సీటూ ఇవ్వలేదు. ఎదురు తిరిగితే రేవు మూసేశారు.

"అట్లయితే ఇడిసిపెట్టి పోక ఏం జేస్తారు మే?" అంది.

అదే కదమ్మా! ఆ మాట నేను అనకూడదు. నా బుర్రలో పుట్టే మంచి మాటలన్నీ సత్యదుర్గ పక్షానివే. నిద్ర పట్టేలా లేదు.

జనవరి 15, బుధవారం

అబ్బాసియాలో మా వెనక వీధే సత్యదుర్గ వాళ్ళది. వెళ్ళి ఇద్దరం ప్రాక్టీస్ చేశాం. ఒక్కచోట ఆగిపోయింది. విడిపోయే ముందు రాజుని ఇంకోసారి అడిగి చూడొచ్చు కదా అని మీవాళ్ళు అంటే ఏం చెప్పనే బాబూ, అని నా చెయ్యి పట్టుకుంది.

జవాబు నాకు తెలుసు. తెలీదన్నాను.

జనవరి 16, గురువారం

సరిగ్గా అదే ప్రశ్న వేశాను. స్టేజీ మీద, అందరి ముందూ. సత్యదుర్గ నోరు తెరిచి మూసింది. నా పక్కన సూర్యకిరణ్, గెలిచామే అని గుసగుసలాడాడు. వాడూ రాజు పక్షమే.

గెలిచేదాన్నే. కానీ దాని పెదవులు కదులుతున్నాయి. వెతుక్కుంటోంది. ఇంకో క్షణం ఆగితే జవాబు దొరికిపోతుంది, నా వాక్యం దానిదైపోతుంది. ఓర్వలేకపోయాను. మైకు నా చేతిలోనే ఉంది.

"ఎన్నోసార్లు మొరపెట్టుకున్నారు. జవాబుగా సైన్యం వచ్చింది. ఇక ఎవరికి మొరపెట్టుకోవాలి?"

హాలంతా చప్పట్లు. మా ఇంగ్లీషు సార్ లేచి నిలబడి మరీ కొట్టారు. జీవితంలో మొదటిసారి నాకు.

తర్వాత రిజల్ట్ చెప్పారు. కాలనీల పక్షం గెలిచింది. కప్పు సత్యదుర్గకి. సూర్యకిరణ్ నాతో మాట్లాడటం లేదు. సత్యదుర్గ వచ్చి గట్టిగా వాటేసుకుంది. నా కోసం ఓడిపోయావా పిచ్చిదానా, అని ఏడ్చింది. దాని కోసమట! కాదని చెప్పలేకపోయాను.

జనవరి 19, ఆదివారం

నోటీసు బోర్డు మీద ఆ వాక్యం పెట్టారు. కింద సత్యదుర్గ పేరు. అది చూసి సత్యదుర్గే మేడం దగ్గరికి పరిగెత్తింది, నా పేరు పెట్టించడానికి.

మంచితనంలో కూడా అది నాకంటే మెరుగే.