ఇంకొక్క పడవ ధాన్యం

పుణె, ఆదివారం

అన్నకు సరోజ నమస్కారాలు.

నేను బాగున్నాను. నువ్వు, వదిన, పిల్లలు, అమ్మ ఎట్లా ఉన్నారో ఒక్క ముక్క రాస్తే చాలు. గోదావరి పెరుగుతోందని రేడియోలో విన్నప్పటి నుంచి అన్నం సయించడం లేదు. ఇక్కడా వాన విడవడం లేదు. జొన్నరొట్టె అలవాటైంది, నా తిండి గురించి దిగులు పెట్టుకోవద్దు.

నా పని ఏమిటని అమ్మ అడిగిందట కదా. కంప్యూటర్ మీద ఆడే ఆట ఒకటి తయారు చేస్తున్నాం. పాతకాలంలో రెండు నదులు కలిసే చోట ఒక కోట ఊరు. ఆడే మనిషే దానికి అధికారి. పంట వేయించాలి, ధాన్యం దాచాలి, పడవలు కట్టించాలి. వరద రాసే పని నాకిచ్చారు. మన ఊరిని ముంచిన పాత వరద గురించి అమ్మమ్మ చెప్పినట్టే రాశాను. చెప్పాపెట్టకుండా వచ్చి ఊరంతా తీసుకుపోతుంది.

నాతో పనిచేసే సలీం భాయ్‌ది మన వైపు అహేరి. మొదట అతనే ఆడాడు. ఊరికి మన సిరోంచ పేరే పెట్టుకున్నాడు. ఎన్నిసార్లు ఆడినా మునిగింది.

"గిదేం ఆట చెల్లె? ఏం జేసినా సచ్చుడేనా?" అన్నాడు.

జరిగింది అదే కదా అన్నాను. మా సారు ఒప్పుకోలేదు. జరిగింది పుస్తకంలో చదువుకుంటారు, ఆటలో మనిషికి చేయడానికి ఏదో ఒకటి ఉండాలి అన్నారు.

అందుకని మార్చాను. ఇప్పుడు ముందుగా నీళ్లు ఎర్రబడతాయి, పడవవాడు వచ్చి హెచ్చరిస్తాడు. వెంటనే జనాన్ని గుట్ట ఎక్కిస్తే అందరూ బతుకుతారు, ధాన్యం పోతుంది. ధాన్యం కూడా దక్కాలంటే పడవల్లో నింపాలి, దానికి సమయం పడుతుంది.

నిన్న సలీం భాయ్ మళ్లీ ఆడాడు. ఈసారి కుర్చీ అంచుకు జరిగి కూర్చున్నాడు. పడవవాడు వచ్చి చెప్పాడు. జనాన్ని పంపు భాయ్ అన్నాను.

"జర ఆగు, ఇంకొక్క పడవ నింపుత."

నింపాడు. ఇంకొకటి అన్నాడు. ఊరు మునిగింది. పక్కనే చూస్తున్న సారు సంబరపడి, మునిగినా తేలినా ఆడేవాడి చేతిలోనే ఉండాలి, నాకు కావలసింది ఇదే అన్నారు. సలీం భాయ్ ఆట ఆపేశాడు.

"మా అబ్బాజాన్ గూడ గిట్లనే ఆగిండు. దుకాణంల సామాన్ దీస్తనని" అన్నాడు.

అతని తండ్రి వరదలో పోయాడని నాకు అప్పుడే తెలిసింది.

అన్నా, అప్పటి నుంచి నువ్వే గుర్తొస్తున్నావు. నిన్ను నేనెరుగుదును. మన కొట్టు ఒడ్డునే ఉంది. నీళ్లు గడప తాకినా ఇంకొక్క బస్తా అంటావు.

పెద్దలందరికీ నా దండాలు చెప్పు. అమ్మ దీవెన నా మీద ఉండాలి. ఈ ఉత్తరం అందేసరికి బస్సులు నడుస్తుంటే అమ్మను, వదినను, పిల్లలను తీసుకుని జిమల్‌గట్టలో పెద్దమ్మ ఇంటికి వెళ్లు. నువ్వూ వాళ్లతోనే ఎక్కు. వెనక బస్సులో వస్తాననకు.

నీ చెల్లెలు
సరోజ